తీసేస్తే వచ్చిన పాట

రాత్రి భోజనాలయ్యాక, ఇల్లు సద్దుమణిగాక, నొవేషన్ వారి సర్క్యూట్ నా ఒళ్లోకి చేరుతుంది. 2015లో వచ్చిన చిన్న పెట్టె. ఆరు పెన్సిల్ సెల్లులు వేస్తే చాలు, వైర్లతో పని లేదు. రెండు సింథ్‌లు, నాలుగు డ్రమ్ములు, ముట్టుకుంటే వెలిగే 32 ప్యాడ్‌లు. ఇలాంటి పెట్టెలకు గ్రూవ్‌బాక్స్ అన్న పేరు 1996లో రోలాండ్ తెచ్చిన ఎంసీ-303తో వచ్చింది.

దీనిలో తాళం కట్టడం తేలిక. ప్యాటర్న్‌కు 16 స్టెప్పులు. 1, 5, 9, 13లలో కిక్ పెడితే చాలు, కాలు దానంతటదే ఆడుతుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఆ చుట్టు రెండు సెకన్లలో ముగుస్తుంది. ట్రాకుకున్న ఎనిమిది ప్యాటర్న్‌లూ వరసగా కలిపినా 16 సెకన్లే. మూడు నిమిషాల పాట కావాలంటే 90 చుట్లు తిరగాలి.

నా దగ్గర రెండు సెకన్ల ముక్కలు బోలెడు పోగుపడ్డాయి. పాట మాత్రం ఒక్కటీ కాలేదు. ఏదో తక్కువైందనుకుని ప్రతిసారీ ఇంకో చప్పుడు చేర్చేవాణ్ని.

మొన్న రాత్రి మిక్సర్‌లోకి వెళ్లి ఒక్కో ట్రాకునూ మ్యూట్ చేసుకుంటూ పోయాను. చివరికి హైహ్యాట్ మిగిలింది. ఇన్నాళ్లూ మోగుతూనే ఉన్నా నా చెవిన పడనిది. నాలుగు చుట్లు దాన్నే విన్నాను. తర్వాత బేస్ వదిలాను. ఎనిమిది చుట్లయ్యాయి. కిక్ మీదికి వేలు వెళ్లింది. ఆపుకున్నాను. ఇంకో నాలుగు చుట్లు ఓపిక పట్టి అప్పుడు వదిలాను. గంటసేపు విని మొహం మొత్తిన కిక్కే, ఒళ్లు జలదరించేలా వచ్చి పడింది. అందులో ఏ మార్పూ లేదు. అది లేకుండా గడిచిన 32 సెకన్లు దానికి ఆ బలాన్నిచ్చాయి.

చిన్నప్పటి రామాలయం గుర్తొచ్చింది. భజన హోరెత్తుతున్నప్పుడు పెద్దాయన చెయ్యెత్తేవాడు. డోలక్ ఆగిపోయేది, చేతితాళాలు మాత్రం నడిచేవి. అంతవరకూ డోలక్ చాటున దాగిన గొంతులన్నీ ఒక్కసారిగా బయటపడేవి. మళ్లీ డోలక్ అందుకోగానే గోడకు చేరగిలబడ్డ ముసలివాళ్లు కూడా నిటారుగా కూర్చునేవాళ్లు. చరణంలోకి వెళ్లి వస్తేనే పల్లవికి తీపి అని ఆయన ఎవరికీ చెప్పలేదు. చెయ్యెత్తి చూపించాడంతే.

ఆ రాత్రి పాట మూడు నిమిషాలు దాటింది. కొత్తగా ఒక్క స్వరమైనా చేర్చలేదు.