పూలు ఏడ పెట్టాలె?

హనుమకొండలో పెళ్ళికూతుళ్ళకు జడలు వేసే పని చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. నిశ్చితార్థం కోసం మాట్లాడుకోవడానికి వచ్చే అమ్మాయిని ఇప్పుడు నేను మొట్టమొదట అడిగేది, "నీ తలలో పూలు పెట్టేదెవరమ్మా?" అని. ఫోన్ తీసి ఫొటోలు చూపించబోతున్న పిల్ల ఆ మాటకు కాస్త తికమకపడుతుంది. పక్కన కూర్చున్న తల్లి మాత్రం తడుముకోకుండా చెప్తుంది: "వాళ్ళ అత్తమ్మ పెడ్తది. ఆడబిడ్డ ఉన్నది, ఆమె కూడా పెడ్తది." జడ సంగతి అక్కడి నుంచి మొదలుపెడతాం. ఈ ప్రశ్న అడగాలని నాకు ముందే తోచి ఉంటే ఒక అమ్మాయి ఆల్బంలో ఒక ముఖ్యమైన ఫొటో పాడయ్యేది కాదు.

పెళ్ళి జడ విషయంలో మన ఇళ్ళల్లో పెద్దగా చర్చ ఉండదు. పాపిడిబిళ్ళ, చెంపసరాలు, నడినెత్తిన సూర్యుడూ చంద్రుడూ, కింద పూలజడ, చివర జడకుప్పెలు. పూల రంగులు మారతాయేమోగానీ ఆ క్రమం మారదు. అందుకే అమ్మాయిలు తమకు నచ్చినట్టు ఉండాలనుకునేది నిశ్చితార్థం రోజునే. కోరికలన్నీ ఆ రోజు మీదే పెట్టుకుంటారు. వాళ్ళను నేను తప్పుపట్టను. 2022 ఏప్రిల్‌లో ఆలియా భట్ జుట్టు విరబోసుకుని పెళ్ళి చేసుకున్న ఫొటోలు వచ్చాక, విరబోసిన జుట్టు కావాలని అడిగేవాళ్ళు మా పార్లర్‌లోనూ ఎక్కువయ్యారు. 2024 ఆగస్టులో శోభిత ధూళిపాళ నిశ్చితార్థం ఫొటోలు చూశాక కనకాంబరాలు అడగడం మళ్ళీ మొదలైంది. అమ్మమ్మల పూలని పక్కనపెట్టిన పిల్లలే ఆ నారింజ రంగు కావాలని వస్తుంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

ఇప్పుడు ఎక్కువగా అడుగుతున్నవి ఇవీ. వదులుగా అల్లి, పాయల్ని వేళ్ళతో బయటికి లాగి ఒత్తుగా కనిపించేలా చేసిన జడ. రబ్బరు బ్యాండ్లతో బుడగలు బుడగలుగా కట్టి మధ్యమధ్య ముత్యాలు గుచ్చిన బబుల్ జడ. నడి పాపిడి తీసి మెడ మీదికి దించిన నున్నటి ముడి, దాని చుట్టూ పూలదండ. సగం జుట్టు పైకి కట్టి మిగతాది అలలుగా వదిలేయడం. గులాబి రేకులు వరుసగా కుట్టిన రెడీమేడ్ జడ. వీటన్నిటికీ తోడు, చెంపల పక్కన వదిలే రెండు సన్నటి పాయలు.

నేను పొరపాటు చేసింది ఆ అలల జుట్టుతోనే. శ్రావణ మాసం. ఆషాఢం వెళ్ళగానే ముహూర్తాలన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి కదా, ఊపిరి సలపని రోజులు. వాన పడీ పడకుండా ఒకటే ఉక్క. అమ్మాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. అంతకు ముందే జుట్టు స్మూతనింగ్ చేయించుకుంది. తను చూపించిన ఫొటోలో జుట్టంతా ఒక భుజం మీదుగా అలలుగా జారుతోంది, అందులో అక్కడక్కడ జిప్సోఫిలా తెల్లపూలు చుక్కల్లా ఉన్నాయి. స్మూతనింగ్ చేసిన జుట్టులో వంపు నిలవదనీ, శ్రావణంలో అసలే నిలవదనీ నాకు తెలుసు. తెలిసీ "చేసేద్దాం" అన్నాను. కారణం కూడా చెప్పాలి. అలాంటి ఫొటో ఒకటి నా పేజీలో పెట్టుకోవాలని అప్పటికే నాకు ఆశగా ఉంది. ఆ పిల్ల కోరిక నాకు సాకు దొరికినట్టయింది.

పొద్దున ఏసీ గదిలో అంతా అనుకున్నట్టే వచ్చింది. పాయ పాయా టాంగ్‌కు చుట్టాను, స్ప్రే కొట్టాను, తెల్లపూలు గుచ్చాను. కిటికీ వెలుతురులో నిలబెట్టి నాకు కావలసిన ఫొటోలు తీసుకున్నాను. హాల్లోకి వెళ్ళాక లగ్నపత్రిక చదివారు. మగపెళ్ళివారు చీర పెట్టారు. అమ్మాయి ఆ చీర కట్టుకుని వచ్చి మళ్ళీ కూర్చుంది. అప్పుడు పిల్లవాడి తల్లి ఇత్తడి పళ్ళెంలోంచి తడిబట్ట విప్పింది. అందులో కనకాంబరాలూ మరువమూ కలిపి అరటి నారతో కట్టిన దండ ఉంది. కొన్నది కాదు. పూలు వాళ్ళ పెరట్లో పూసినవి, దండ ఆమె స్వయంగా కట్టింది. దగ్గర దగ్గరగా, ఒక్క కాడ బయటికి కనిపించకుండా. ఆ దండ రెండు చేతుల్లో పట్టుకుని అమ్మాయి వెనక్కి వెళ్ళి ఆగిపోయింది. జడ లేదు. ముడి లేదు. చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"పూలు ఏడ పెట్టాలె బిడ్డా?" అని అడిగింది. ఆమె గొంతులో కోపం ఏ కోశానా లేదు. నిజంగానే తెలియక అడిగింది.

పిన్ను గుచ్చబోతే స్ప్రే కొట్టిన జుట్టు కొబ్బరిపీచులా బిగుసుకుని ఉంది. గుచ్చినచోట నిలవక, పిన్ను కిందికి జారింది. ఆడబిడ్డ ఇంకో పిన్ను తీసింది. మేనత్త ఒకామె సాయం వచ్చింది. చూస్తూ ఉండలేక నేనూ స్టేజీ ఎక్కాను. నాలుగు జతల చేతులు పిల్ల తల మీద, పిల్ల తల కిందికి. చివరికి చెవి వెనక ఎలాగో నాలుగైదు పిన్నులతో దండ నిలబెట్టాను. పెద్దల కాళ్ళకు దండం పెట్టేందుకు వంగినప్పుడల్లా జుట్టు ముఖం మీద పడుతోంది. లేచి చేత్తో వెనక్కి తోసుకుంటోంది. అలా ముగ్గురికో నలుగురికో మొక్కేసరికి దండ ఊడి భుజం మీదికి వచ్చింది. భోజనాల వేళకు అలలూ లేవు, మామూలు సాపు జుట్టే మిగిలింది.

వాళ్ళలో ఎవరూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తర్వాత పెళ్ళి జడ ట్రయల్‌కు వచ్చినప్పుడు అమ్మాయి ఆల్బం తెచ్చి చూపించింది. అత్తమ్మ పూలు పెడుతున్న ఫొటో పేజీ నిండా వేశారు. అందులో అమ్మాయి ముఖం లేదు. వంచిన తల మీద పాపిడి కనిపిస్తోంది. చుట్టూ చేతులు. ముందువైపు నా మోచెయ్యి. వెనక ఆ పెద్దావిడ ముఖం, ఏదో తప్పు చేసినట్టు బెదురుగా. "అన్ని ఫొటోలు మంచిగొచ్చినయ్ అక్కా. ఇదొక్కటి మంచిగొస్తే బాగుండు," అంది. నా పేజీలో పెట్టుకున్న కిటికీ ఫొటోకు అప్పటికే బోలెడన్ని లైకులు వచ్చాయి. ఆ రాత్రే తీసేశాను.

తర్వాత కొన్నాళ్ళు నా దగ్గరికి వచ్చే ప్రతి ఫొటోనూ ఈ కోణంలోనే చూశాను. అలాంటి ఫొటోల్లో చాలావరకు షూట్ కోసం తీసినవి. అందులోని అమ్మాయి చీర మార్చుకోదు, ఎవరి కాళ్ళకూ మొక్కదు, వెనక పూలతో ఎవరూ నిలబడరు. మన దగ్గర పూలు పండ్ల రోజున, అంటే నిశ్చితార్థం నాడు, పిల్ల ఆ పనులన్నీ చేయాలి. ఆమె వాళ్ళ పిల్ల అయిందని అత్తవారు అందరి ముందూ చెప్పేది ఆ పూలు పెట్టడంతోనే. ఉంగరాలు మార్చుకోవడం ఎప్పుడు చేరిందో ఏమోగానీ, తల్లులు కళ్ళు తుడుచుకునేది మాత్రం పూలు పెట్టేటప్పుడే. స్టేజీ పక్కన నిలబడి చూసేదాన్ని కనుక చెప్తున్నాను. ఆ పూలకు చోటు లేకుండా జుట్టు దువ్వడం నేను చేసిన తప్పు.

అలల సంగతికొస్తే, వేడి తగిలినప్పుడు వెంట్రుక లోపలి హైడ్రోజన్ బంధాలు విడిపోతాయి. చల్లారేటప్పుడు కొత్త వంపులో మళ్ళీ కలుస్తాయి. తేమ తగిలితే అవే బంధాలు మళ్ళీ విడిపోయి జుట్టు తన పాత దారి పడుతుంది. కాబట్టి చుట్టిన పాయను వేడిగా ఉండగానే వదిలేయకూడదు. చుట్ట చుట్టినట్టే పిన్ను పెట్టి పూర్తిగా చల్లారనివ్వాలి. ఆ తర్వాతే విప్పాలి. ఈ ఓపిక లేకనే చాలా చోట్ల స్ప్రే ఎక్కువ కొడతారు. తలంటు ముందు రోజే అయిపోవాలి. అప్పుడే కడిగిన జుట్టు మరీ జారుతుంది, పిన్ను నిలవదు. అమ్మలు ప్రేమ కొద్దీ ముందు రాత్రి నూనె పట్టించి పంపిస్తారు, అదొక్కటి వద్దని నేను ముందే ఫోన్ చేసి మరీ చెప్తాను.

విరబోసిన జుట్టే కావాలంటే ఇప్పుడూ కాదనను. కాకపోతే పని వేరేగా చేస్తాను. తల వెనక, చెవుల ఎత్తున, పై పొర జుట్టు ఎత్తిపట్టి దాని అడుగున సన్నటి జడ ఒకటి బిగుతుగా అల్లుతాను. దాన్ని బిళ్ళలా చుట్టి రెండు పిన్నులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా గుచ్చుతాను. పై పొర దించితే ఏమీ కనిపించదు. అత్తమ్మ వెనక్కి వచ్చి పూలు పెట్టినప్పుడు ఆమె పిన్ను ఆ బిళ్ళలోకి దిగుతుంది. దిగితే ఇక కదలదు. ఆ చోటు ఎక్కడుందో కార్యక్రమం మొదలయ్యేముందే ఆమెను పిలిచి, ఆమె వేళ్ళతో తడిమిస్తాను. ముందు ఈ పని మొహమాటంగా ఉండేది. ఇప్పుడు ఆ తల్లుల ముఖాల్లో కనిపించే నిశ్చింత కోసమే చేస్తున్నాను. చెంపల దగ్గరి జుట్టు కూడా కాస్త వెనక్కి తిప్పి బిగిస్తాను, వంగినప్పుడు ముఖం మీద పడకుండా.

నన్ను అడిగితే మాత్రం నిశ్చితార్థానికి వదులు జడే బాగుంటుందంటాను. ఇప్పటి పిల్లల కళ్ళకు కొత్తగా ఉంటుంది, అత్తమ్మ చేతికి అలవాటైన చోటు దొరుకుతుంది. ఎదురుగా తీసే ఫొటోల్లో జడ కనిపించదని దిగులుపడేవాళ్ళకు, ముందుకు తెచ్చి భుజం మీద వేసుకోమంటాను. చీర మార్చుకుని వచ్చాక కూడా చేత్తో ఒకసారి సర్దితే చాలు.

ఫొటోగ్రాఫర్‌తోనూ ముందే మాట్లాడతాను. పిల్ల మరీ కింద పీట మీద కూర్చుంటే పూలు పెట్టేవాళ్ళు పూర్తిగా వంగాలి, ఇద్దరి ముఖాలూ పోతాయి. కాస్త ఎత్తుగా కుర్చీ వేసి, పెద్దావిడను నేరుగా వెనక కాకుండా ఓరగా నిలబెడితే ఇద్దరూ కనిపిస్తారు. ఎవరికి చెప్పినా ఇట్టే అర్థమయ్యే విషయం. అడిగేవాళ్ళే ఉండరు.

ఇంకో తప్పు కూడా చెప్పుకోవాలి. రింగుల జుట్టు అమ్మాయి వస్తే ముందు సాపు చేద్దామని నేనే అనేదాన్ని. "ఫొటోల్లో నీట్‌గా వస్తుంది" అని. అలా ఎంతమంది పిల్లల తలలు ఇస్త్రీ చేశానో. వాళ్ళలో ఒక అమ్మాయి తండ్రి స్టేజీ మీద కూతుర్ని చూసి, పక్కనున్న భార్యతో, "చిన్నప్పటి సంది ఆ రింగులే ముద్దొస్తుండె," అనడం నా చెవిన పడింది. ఆ రోజు నుంచి రింగుల జుట్టును రింగులతోనే కడుతున్నాను. ముడిలోంచి నాలుగు రింగులు బయటికి వదిలితే వాటి కంటే అందం ఏ టాంగ్‌తోనూ రాదు. జుట్టు పలచగా ఉన్న పిల్లలకు సవరం పెడతాను గానీ బరువైనది పెట్టను. బరువైన సవరం మీద పూలజడ కూడా వేలాడితే నుదుటి దగ్గరి కుదుళ్ళు లాగేస్తాయి, సాయంత్రానికి తలనొప్పితో పిల్ల ముఖం వాడిపోతుంది.

ట్రయల్‌కు వచ్చేటప్పుడు ఒక మూర పూలు తెచ్చుకోమంటాను. వేసవి అయితే మల్లెలు. అవి మొగ్గగా ఉన్నప్పుడు ఒక తీరు, సాయంత్రం విచ్చుకున్నాక ఇంకో తీరు. కార్యక్రమం ఏ పూటకో అడిగి దాన్నిబట్టి కట్టించుకోవాలి. మల్లెలు దొరకని రోజుల్లో కనకాంబరాలు. బరువుండవు, అంత త్వరగా వాడవు. వీలైతే పిల్లవాడి తల్లిని కూడా వెంట తీసుకురమ్మంటాను. ఈమధ్య కొందరు వస్తున్నారు. అద్దం ముందు పిల్లను కూర్చోబెట్టి ఆమె చేతికే దండ ఇస్తాను. చోటు ఆమెకు అందుతోందా, పిన్ను ఆమె చేత్తో దిగుతోందా చూసుకుని, అందకపోతే బిళ్ళను కాస్త కిందికి దించి మళ్ళీ కడతాను.