పొద్దు ఎటు వాలుతుందో నాకు తెలుసు

అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళు పెద్ద పెద్ద భవంతుల గురించి చెబుతారు. నేను మాత్రం నీడ గురించి చెబుతాను. నవ్వకండి, కాస్త పూర్తిగా చదవండి.

నేను ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని. మాది మాచర్ల. రెంటచింతల ఎండల గురించి మీరు పేపర్లో చదివే ఉంటారు, దాని పక్కనే మా ఊరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ డాబా మీద ఒడియాలు, మిరపకాయలు, ఆవకాయ ముక్కలు ఎండబెట్టుకుంటూ వచ్చాను. ఏ వేళకి పిట్టగోడ నీడ ఎక్కడ పడుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. అదీ ఒక విద్యేనని నాకెప్పుడూ తోచలేదు.

2023 జూన్‌లో అమ్మని తీసుకుని మా చెల్లెలి దగ్గరికి వెళ్ళాను. అమ్మకి డెబ్భై రెండేళ్ళు, బీపీ ఉంది. పిల్లలకి సెలవులు కదా అని మా మరిది ఒక ఆర్వీ అద్దెకి తెచ్చాడు. ఆర్వీ అంటే చక్రాల మీద ఇల్లనుకోండి. పొయ్యి, ఫ్రిజ్, మంచాలు, బాత్‌రూము అన్నీ అందులోనే. అలాంటి బళ్ళు ఆపుకోవడానికి ఊరి బయట అద్దె స్థలాలుంటాయి. కరెంటు, నీళ్ళు అక్కడే కలుపుకోవచ్చు.

అరిజోనాలో పేజ్ అనే ఊరి దగ్గర ఆగాం. అక్కడ కొలరాడో నదికి గ్లెన్ కాన్యన్ డామ్ కట్టగా ఏర్పడిన పావెల్ సరస్సు ఉంది. ఆ డామ్ పని 1956లో మొదలుపెట్టారట. మన నాగార్జునసాగర్‌కి నెహ్రూగారు శంకుస్థాపన చేసింది 1955లో. సాగర్ గాలి పీల్చి పెరిగినదాన్ని, ఎర్రరాళ్ళ మధ్య ఆ నీలం నీళ్ళు చూసేసరికి పుట్టింటికి వచ్చినట్టే అనిపించింది.

సరస్సు మాకు పడమటి వైపుంది. గుమ్మంలో కూచుంటే నీళ్ళు కనబడాలని మరిది బండి తలుపు అటే ఉండేట్టు ఆపాడు. ఆ బళ్ళకి తలుపు కుడిపక్కనే ఉంటుంది. దాని పైన లాగితే విచ్చుకునే గుడ్డ పందిరి కూడా అటే. చుట్టూ ఒక్క చెట్టయినా లేదు. అది చూడగానే నాకు గుండెల్లో కలుక్కుమంది. మధ్యాహ్నం దాటాక ఎండంతా ఇటే కొడుతుంది కదా! చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ ముందురోజు బజారులో ఏదో అనబోతే చెల్లెలు "నీకు తెలీదులే అక్కా, ఇక్కడ వేరు" అంది. ఆ మాట గుర్తొచ్చి ఊరుకున్నాను. ఊరుకోవడమే నేను చేసిన తప్పు.

మూడు దాటేసరికి ఎండ పందిరి కిందనుంచి దూరి గుమ్మంలోకి వచ్చేసింది. పందిరి నెత్తిమీద ఎండనైతే ఆపుతుంది గానీ వాలు ఎండని ఎలా ఆపుతుందండీ? లోపల గోడలు పల్చన, పైన ఒక్కటే ఏసీ. అది ఎంత తిరిగినా చల్లబడలేదు. ఫ్రిజ్ వేడిని బయటికి వదిలే జాలీ కూడా ఆ పక్కనే ఉంది. దానిమీదా ఎండ పడి ఫ్రిజ్ సరిగా పనిచెయ్యక పాలు విరిగిపోయాయి.

అమ్మ మంచమ్మీద ఒరిగిపోయి ఉంది. మొహం కందిపోయింది, తల తిరుగుతోందంటుంది. నీళ్ళు తాగావా అంటే మాట్లాడదు. చివరికి నా చెవిలో చెప్పింది. అల్లుడు కూచున్నచోటికి రెండడుగుల దూరంలో బాత్‌రూము, మాటిమాటికీ ఎలా వెళ్ళను అని పొద్దుట్నుంచీ నీళ్ళే తాగలేదట! ఆడవాళ్ళం కదా, ఆ సంగతి మనకి ఒకరు చెప్పాలా?

ఇక నేను ఆగలేదు. అమ్మ మెడకి, చంకల్లో తడిగుడ్డలు పెట్టాను. ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు గుక్కగుక్కగా పట్టించాను. "బాబూ, బండి ముందువైపు వెనక్కి తిప్పి పెట్టు, తలుపు తూర్పుకి రావాలి" అన్నాను. కరెంటు తీగ అందదేమో వదినగారూ అని మరిది సందేహించాడు. బండిలోనే ఉన్న అదనపు తీగ కలిపితే అందింది.

అంతే! బండి నీడే మాకు పెద్ద చెట్టయింది. పొద్దు వాలేకొద్దీ ఆ నీడ పొడుగవుతూ పోయింది. ఇప్పుడు ఎండ పడే పడమటి కిటికీలకి మెరిసే రేకు కాగితాలు బయటివైపు కట్టించాను. లోపల కడితే వేడి అద్దం దాటి లోపలికి వచ్చేసినట్టే కదా! అమ్మ నూలుచీర ఒకటి తడిపి గాలి వచ్చేవైపు కట్టాను, మన వట్టివేళ్ళ తడకల్లాగా. అక్కడ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి బాగా చల్లబడింది. బెజవాడ ఉక్కలో అయితే ఇది పనిచెయ్యదు సుమండీ. సాయంత్రానికి అమ్మ లేచి కూచుని మజ్జిగన్నం అడిగింది. అప్పుడు పడ్డాయి నా కళ్ళనీళ్ళు.

మీ పిల్లలూ విదేశాల్లో ఉండొచ్చు, ఇలాంటి ప్రయాణం మీకూ తగలొచ్చు. అందుకని నాలుగు మాటలు. బండి ఆపేముందే మూడు గంటలకి ఎండ ఎటుంటుందో చూసుకోండి. చెట్టుకింద ఆపితే పైన ఎండుకొమ్మలు లేవని చూశాకే ఆపండి. పైకప్పు మీద సౌరపలకలుంటే నీడలో కరెంటు సరిగా రాదు. గాలి లేచినా, మీరు బయటికి వెళ్తున్నా పందిరి చుట్టేయండి, లేకపోతే చిరిగిపోతుంది. పెద్దవాళ్ళు నీళ్ళు తాగుతున్నారో లేదో కనిపెట్టండి. ఎందుకు తాగట్లేదో కూడా అడగండి. తల తిరగడంతో ఆగక మాట తడబడినా, స్పృహ తప్పినా ఇంటివైద్యంతో కాలయాపన చెయ్యకుండా వెంటనే అంబులెన్స్‌ని పిలవండి.

ఆ రాత్రి చెల్లెలు నా పక్కన చేరి, "మధ్యాహ్నమే ఎందుకు చెప్పలేదక్కా?" అంది. నేనేం జవాబు చెప్పను? "నువ్వు అడగలేదుగా" అన్నాను. అది నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఇప్పుడు వాళ్ళు ఎక్కడికి వెళ్ళినా ముందు ఆ చోటు ఫోటో నాకు పంపుతుంది. "బండి ఎటు పెట్టమంటావు?" అని అడుగుతుంది.

మనకి తెలిసింది చిన్నదే కావచ్చు. కానీ అవసరమైన వేళ నోరు విప్పడానికి మొహమాటపడకండి. ఆరోజు ఇంకో గంట మాట్లాడకుండా ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకిప్పటికీ వణుకే.