మీ బోరు మోటారు కాలిన సంగతి

ఒరేయ్ శేఖరం,

మీ బోరు మోటారు మళ్లీ కాలింది. కంగారుపడకు, నాన్నగారు బాగానే ఉన్నారు. ఇసుక పట్టి షాఫ్టు బిగుసుకుపోయిందట, స్టార్టరు కూడా ట్రిప్పవలేదు. పైపులన్నీ తీయించి, ట్రాక్టర్లో వేసుకుని వైండింగ్ షాపుకి నేనే పట్టుకెళ్లాను.

కుర్రాడు స్టేటరులోంచి కాలిన తీగ లాగుతుంటే స్టూలు మీద కూర్చుని రెండు గంటలు చూశాను. తొడుగు కరిగి ముద్దకట్టి, ఒక్కో చుట్టూ మొరాయిస్తూ వస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది నీ పాత ప్రశ్న. అయస్కాంత బలం ఎప్పుడూ వేగానికి లంబంగానే ఉంటుంది కాబట్టి అది పని చేయదని ఇంటర్లో మాస్టారు బోర్డు మీద రాశారు. నువ్వు లేచి, "మరి మా మోటారుని తిప్పేదెవరు సార్?" అన్నావు. క్లాసంతా నవ్వింది. సిలబస్‌లో లేదు కూర్చోమన్నారు. ఇప్పుడు ఆ వాక్యం బోర్డు మీద రాసేది నేనే. ఏ పిల్లాడైనా లేస్తాడేమోనని భయపడుతూ గబగబా చెరిపేస్తుంటాను కూడా.

పని చేయదన్నది మనం కళ్లారా చూసిందేరా. మీ కలర్ టీవీకి పాత స్పీకరు అయస్కాంతం ఆనిస్తే, వార్తలు చదివే ఆవిడ బుగ్గ పచ్చబడింది. మన వీపులు ఎర్రబడ్డాయి. ఆ గొట్టంలో ఎలక్ట్రాన్లని 25 వేల వోల్టులు తరిమితే సెకనుకి 90 వేల కిలోమీటర్ల వేగంతో వచ్చేవి. మన అయస్కాంతం ఆ వేగాన్ని పిసరంత పెంచలేదు, తగ్గించలేదు. దారి మళ్లించిందంతే, ఒక రంగుకి పోవాల్సినవి ఇంకో రంగు చుక్క మీద పడ్డాయి. ఆవేశం, వేగం, క్షేత్రం మూడూ గుణిస్తే వచ్చేది ఆ బలం. ఎలక్ట్రాన్ నిలబడి ఉన్నా, క్షేత్రం వెంబడే పోతున్నా దాని జోలికి రాదు. దీనికి 1895లో రాసిన లోరెంజ్ పేరే నిలిచింది. 16 ఏళ్లకే బడి మానేసి టెలిగ్రాఫ్ ఉద్యోగం చేసిన హెవిసైడ్ 1889లోనే రాశాడు. ఇలాంటివి మనకి కొత్తా?

ఇక తీగ సంగతి. చదరపు మిల్లీమీటరు రాగి తీగలో 5 ఆంపియర్లు పోతుంటే, అందులో ఎలక్ట్రాన్లు మొత్తంమీద సెకనుకి అర మిల్లీమీటరు కూడా ముందుకి జరగవు. నత్త నయం. కానీ మిల్లీమీటరు పొడవులోనే 8 పక్కన 19 సున్నాలంత మంది ఉంటారు. అయస్కాంతం అందరినీ పక్కకి తోస్తుంది. రాగిని వదిలి బయటికి పోలేరు కాబట్టి ఒక అంచున కొంచెం ఎక్కువగా చేరతారు. ఆ చేరిక రాగిని తనతో లాక్కుపోతుంది. తీగని కదిలించేది ఆ లాగుడు, అది విద్యుత్ బలం.

అసలు కిటుకు తర్వాత ఉంది. తీగ పక్కకి జరిగితే లోపలి ఎలక్ట్రాన్లూ దాంతోపాటు పక్కకి పోతున్నట్టే కదా. అంటే వాటి నడక ఏటవాలైంది. నడకకి లంబంగా ఉండాల్సిన బలం కూడా ఒరుగుతుంది, కరెంటుకి ఎదురుగా కాస్త వెనక్కి. ఆ ఎదురుని తోసుకుంటూ కరెంటు నడపడానికి బ్యాటరీ చెమటోడుస్తుంది. ఒకవైపు ఇచ్చింది ఇంకోవైపు లాగేసుకుంటుంది కాబట్టి అయస్కాంతం లెక్క సున్నా. మీ పెరటి బావి గిలక లేదూ? చేంతాడు కిందికి లాగితే చేద పైకొస్తుంది. నీళ్లు తోడింది గిలకా, మీ అమ్మా?

బోరు మోటారులో కరెంటు క్షణక్షణం దిశ మారుతుంది, తిరిగే భాగానికి తీగే తగిలించరు, అక్కడ లెక్క మరింత చిక్కు. అయినా గిలక గిలకే. షాఫ్టు బిగుసుకుంటే ఆ ఎదురు పోతుంది, కరెంటు 5, 6 రెట్లు దూసుకొస్తుంది. చేద కదలదు, వచ్చిందంతా వేడే. మనిషి గోడని తోస్తూ ఉండిపోయినట్టు.

కాలిన తీగ ముక్క ఒకటి కవర్లో పెట్టాను. గోటితో గీకు, నల్ల పెచ్చు ఊడి ఎర్రటి రాగి బయటపడుతుంది. మోటారు శుక్రవారం దించుతారు. నాన్నగారు ఫోన్లో అయిన ఖర్చు తగ్గించి చెబుతారు, నమ్మకు. ఆ టీవీ సంగతి మాత్రం ఎత్తకు, ఇంకా మర్చిపోలేదు.

నీ
రాఘవ