కొళాయి వెనకాల మనిషి



సెప్టెంబరు 15 ఇంజనీర్ల దినం. ఏటా ఆ రోజున మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ఫొటోకి దండ వేసి, ఆనకట్టల గురించి మాట్లాడుకుంటాం. తాగునీటి కోసం ఆయన చేసిన పని మాత్రం ఎవరూ ఎత్తరు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ఆయన పూర్వీకులది గిద్దలూరు వైపు మోక్షగుండం. ఆయన పుట్టింది మైసూరు రాజ్యంలో, ఉద్యోగం బొంబాయి ప్రభుత్వంలో. 1890ల్లో ఆయన్ని సింధులోని సక్కర్ ఊరికి పంపారు. పక్కనే సింధు నది, కానీ నీళ్ళన్నీ బురద. వడపోత తొట్లు కడదామంటే మునిసిపాలిటీ దగ్గర అంత డబ్బు లేదు. ఆయన ఏటి ఇసకలోనే బావి తవ్వించారు. ఇసకే నీటిని వడకట్టింది. ఆ తేట నీటిని గుట్ట మీదికి ఎక్కించి ఊరికి ఇచ్చారు.

ఇది మనకు తెలియని విద్యా? ఎండాకాలం ఋషికుల్యలో ఇసక తోడి తీసే చెలమ ఇదే కదా! నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. అక్కడ దీన్ని 'ఊట్రు' అంటారు, మనం 'ఊట' అంటాం. మాట ఒకటే, నీరూ ఒకటే. పల్లెటూరి ఆడవాళ్ళ చెలమని ఆయన ఊరికంతటికీ సరిపడేలా పెద్దది చేశారు.

1908లో మూసీ వరద హైదరాబాదుని ముంచేసింది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం ఆయన్నే పిలిచింది. వరదని ఆపడానికి ఊరికి ఎగువన చెరువులు కట్టమన్నారాయన. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ముంచిన నీరే తాగునీరైంది.

ఇంత పెద్ద పేరు అందరికీ రాదు. మా వీధిలో నీటి సరఫరా శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. వైశాఖంలో ఏరు సన్నబడితే ఆయనకి నిద్ర ఉండేది కాదు. తెల్లవారుజామునే సైకిలెక్కి వాల్వులు చూసుకునేవారు. మురుగుకాలవ పక్కన పైపు చిల్లుపడితే పచ్చకామెర్లు వస్తాయని భయం. నీళ్ళు వచ్చిన రోజు ఆయన్ని ఎవరూ తలచుకోలేదు. రాని రోజు మాత్రం ఖాళీ బిందెలతో గుమ్మం ముందే నిలబడేవారు.

రైల్వేలోనూ అంతే. ఆవిరి ఇంజను రోజుల్లో నీళ్ళ కాలమ్ దగ్గర నీరు పడకపోతే బండి కదలదు. అయినా పంపు నడిపేవాడి పేరు ఏ ప్రయాణికుడికి తెలుసు?

నా మనవి ఒక్కటే. ఈసారి దండ వేసిన తర్వాత, బరంపురంలో, గంజాం జిల్లాలో నీటి పనిలో జీవితం గడిపిన మనవాళ్ళని వేదిక మీదికి పిలుద్దాం. ఇంజనీర్లనే కాదు, పంపు ఆపరేటర్లనీ, ఫిట్టర్లనీ. ఒక శాలువా కప్పుదాం. ఏ వీధిలో పాత పైపు ఎక్కడుందో, ఏ వాల్వు ఎటు తిప్పాలో వాళ్ళ నోటనే చెప్పించి రాసిపెట్టుకుందాం. అదంతా వాళ్ళ తలల్లోనే ఉంది. వాళ్ళా, ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

మీకు తెలిసినవాళ్ళ పేర్లు కార్యదర్శిగారికి అందజేయండి.