మూడు నెలల కూలి ఏ లెక్కలోకి?

ఐక్యరాజ్యసమితికి బాలల హక్కుల కమిటీ అని ఒకటుంది. పద్దెనిమిది మంది నిపుణులు. కూర్చునేది జెనీవాలో. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికను ఒప్పుకున్న ప్రతి దేశమూ అయిదేళ్లకోసారి 'మా పిల్లల్ని ఇలా చూసుకుంటున్నాం' అని వీళ్లకు నివేదిక ఇచ్చుకోవాలి. పంతులుగారికి పాఠం అప్పజెప్పినట్టన్నమాట! బెత్తం మాత్రం ఉండదు. అడగడమే ఆ కమిటీ బలం.

మన దేశం 1992 డిసెంబరులో ఒప్పుకుంది. ఒక మెలిక పెట్టి మరీ. పనిలో చేరేందుకు కనీస వయసు నిబంధనను అన్ని రంగాల్లో ఒక్కసారే అమలు చేయలేం, క్రమంగా చేస్తాం అని. ఆ మెలిక ఇక అక్కర్లేదు, తీసేయండని కమిటీ 2000లోనే సూచించింది. 2004లో, 2014లో మళ్లీ మన నివేదికలు చదివి ప్రశ్నలు వేసింది.

మరి ఆ నివేదికల్లోని అంకెలు పుట్టేదెక్కడ? పల్లెల్లో. ఆ సంగతి నాకు నడిగడ్డలో తెలిసింది. నడిగడ్డ అంటే కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, అలంపూర్ ప్రాంతం. పాత మహబూబ్‌నగర్ జిల్లా. సీడు పత్తికి పెట్టింది పేరు. అక్కడ ఒక ఊళ్లో మా అక్క టీచరు. కొన్నేళ్ల కిందట సెప్టెంబరులో అక్కను చూడ్డానికి వెళ్లి, బడికీ వెళ్లాను. ఆడపిల్లల వరసలో సగం ఖాళీ. రిజిస్టరులో మాత్రం అందరి పేర్లూ ఉన్నాయి.

"పేర్లు ఎట్ల తీసేస్తం తమ్మీ? క్రాసింగ్ అయిపోతే వస్తరు" అంది అక్క.

క్రాసింగ్ అంటే హైబ్రిడ్ విత్తనం కోసం చేతితో చేసే పని. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్ని ముందురోజే వెతికి, పుప్పొడి తిత్తుల్ని గోటితో గిల్లేయాలి. తెల్లారి మగ చెట్టు పువ్వు తెచ్చి అద్దాలి. దాదాపు మూడు నెలలు రోజూ ఇదే. ఒక్కరోజు మానితే ఆనాటి మొగ్గలు పోయినట్టే. అందుకే ముందే అడ్వాన్సు ఇచ్చి పిల్లల్ని కుదుర్చుకోవడం. ఆడపిల్లలైతే కూలి తక్కువ, ఎదురు చెప్పరు. ఆంధ్రప్రదేశ్ సీడు పత్తి చేలల్లోని ఈ పిల్లల గురించి దావులూరి వెంకటేశ్వర్లు చేసిన అధ్యయనాన్ని 2003లో నెదర్లాండ్స్ సంస్థ ఒకటి ప్రచురించింది. అప్పటిగ్గానీ పెద్ద విత్తన కంపెనీలు జవాబు చెప్పుకోవాల్సి రాలేదు.

ఇంతకీ ఆ పిల్లలు బడిలో ఉన్నట్టా, పనిలో ఉన్నట్టా? రిజిస్టరు ప్రకారం బడిలోనే. జనగణన ప్రకారం చూద్దామా? ఏడాదిలో ఆరు నెలలకు తగ్గకుండా పనిచేసినవాళ్లు ప్రధాన పనివారు. అంతకు తగ్గితే ఉపాంత పనివారు. మూడు నెలల క్రాసింగ్ పిల్ల రెండో పద్దులో పడుతుంది. అదీ ఇంట్లోవాళ్లు ఉన్నమాట చెబితేనే.

2001లో దేశంలో 14 ఏళ్లలోపు పనిపిల్లలు 1.26 కోట్లు. 2011లో 43.53 లక్షలు. ప్రభుత్వ ప్రకటనల్లో ఈ రెండంకెలూ పక్కపక్కనే కనిపిస్తాయి. చూస్తే ఎంత సంతోషం! కానీ మొదటి అంకెలో రెండు పద్దులూ ఉన్నాయి. రెండోదాంట్లో ప్రధాన పనివారే. ఉపాంత పద్దునూ కలిపితే 2011 లెక్క కోటి దాటుతుంది. ఒక ఏడు మానికతో, ఒక ఏడు సోలతో కొలిస్తే గింజలు తగ్గినట్టే కనబడతాయి మరి. తగ్గింది నిజమే. అంత కాదు.

రంగారెడ్డి, నల్లగొండ పల్లెల్లో పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్ ఈ చిక్కుకు ఎప్పుడో సూటి జవాబు చెప్పింది. రోజూ బడికి రాని ప్రతి పిల్లా పనిపిల్లే అని. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాయే 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. 2016లో చట్టం మారింది. 14 ఏళ్లలోపు వాళ్లను ఏ పనిలోనూ పెట్టకూడదు. అయితే బడి అయ్యాక, సెలవుల్లో ఇంటివాళ్లకు సాయం చేయొచ్చట. మళ్లీ మెలికే! సొంత చేలో క్రాసింగ్ చేసే పిల్లది సాయమా, కూలా? తేల్చేదెవరు?

జెనీవా పెద్దలు నడిగడ్డ చేలగట్ల మీదికి రాలేరు. మనం పంపిన కాగితమే చదువుతారు. ఆ కాగితంలో నిజం ఉండాలంటే ఊళ్లో ఎవరో ఒకరు చూడాలి. ఆ పని మనమూ చేయొచ్చు. పత్తి పూతకొచ్చిన నెలలో మీ ఊరి బడికి ఓసారి వెళ్లండి. బెంచీల మీద ఉన్న తలలు లెక్కపెట్టండి. రిజిస్టరులోని పేర్లతో పోల్చి చూడండి. తేడా వస్తే ఎందుకని అడగండి. పిల్లలు చేలో ఉన్నారని తెలిస్తే 1098కి ఫోన్ చేయండి.