ఊరి బయటంటే ఎక్కడండీ?

మానసిక జబ్బు నయమైనా ఇంటికి తీసుకెళ్లేవాళ్లు లేని నలుగురైదుగురిని, చూసుకునే మనిషితో సహా, సికింద్రాబాద్‌లోని మా కాలనీలో ఓ ఇంట్లో ఉంచుదామన్న మాట వచ్చింది. అంతే, వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. 'మంచి పనే, కాదనం. ఊరి బయటెక్కడైనా పెట్టుకోవచ్చు కదండీ' అంటున్నారు. ఫ్లాట్ల రేట్లు పడిపోతాయన్న భయం మాత్రం ఎవరూ పైకి అనరు.

1958లో రాణీ కుముదినీదేవి కుష్ఠు రోగుల కోసం శివానంద పునరావాస కేంద్రం పెట్టినప్పుడు కూకట్‌పల్లి ఊరి బయటే. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు, మెట్రో. రేట్లేం పడిపోయాయి? గజం ధర వింటే మనలో సగంమంది గుడ్లు తేలేస్తాం.

ఇంట్లోవాళ్లు వద్దన్నారనో, ఉండే చోటు లేదనో ఎవర్నీ ఆస్పత్రిలోనే ఉంచేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ సూటిగానే చెప్పింది. ఇలాంటి వసతి కల్పించాల్సింది ప్రభుత్వమేనని 18వ సెక్షన్‌లో ఉంది.

పిల్లల గురించి భయపడేవాళ్లని నేను తప్పుపట్టను. రాత్రిపూట ఎవరుంటారు, డాక్టరు ఎన్నాళ్లకోసారి వస్తారు, అడగాల్సిందే. సంతకాలకి తిప్పుతున్న కాగితంలో ఆ ప్రశ్నలేవీ లేవు. 'వద్దు' అని ఒక్క ముక్క, కింద బోలెడు ఫ్లాట్ నంబర్లు. మాది అందులో ఉండదు. ఆదివారం మీటింగులో తిట్లు తినడానికి సిద్ధంగానే ఉన్నా.