అంబాసిడర్‌కు రెక్కలు

ప్రతి ఊళ్ళోనూ గాలికి తిరిగేవాళ్ళు నలుగురుంటారు. మా బుగ్గారంలోనూ ఉన్నారు. కాని గాలికి లెక్కలు కట్టేవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. పగలంతా జగిత్యాలలో ఓ కంప్యూటరు దుకాణంలో ఉద్యోగం. రాత్రి భోజనం కాగానే మళ్ళీ ఇంట్లో కంప్యూటరు ముందు బైఠాయింపు. "అక్కడ చూసింది సాలదా, ఇంటికచ్చి గూడ దాని మొఖమే చూస్తవా?" అని మా ఆవిడ దెప్పుతూంటుంది. ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. కాని నా పిచ్చి నాది.

ఈ పిచ్చి ఎట్లా అంటుకుందో చెబుతాను. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కార్ల పందెం జరిగింది. ఆ పందెం మన దేశంలో జరగడం అదే మొదలు. కరెంటుతో నడిచే కార్లు, సుమారు 2.8 కిలోమీటర్ల చుట్టు, 18 మలుపులు. ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. టీవీలో అందరూ గెలుపోటములు చూస్తూంటే, నాకు మాత్రం 'ఈ దారిలో మా బాపు అంబాసిడర్ పరుగెత్తితే ఎట్లా ఉంటుందో!' అన్న వెర్రి ఊహ పుట్టింది.

నేనాడే ఆట పేరు 'అసెట్టో కోర్సా'. ఇటలీలోని కూనోస్ సిములాజియోని అనే సంస్థ తయారుచేసింది. 2014లో పూర్తి రూపంలో వెలువడింది. దశాబ్దాలుగా తయారవుతూ వచ్చిన అంబాసిడర్, ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఆగిపోయిందీ ఆ 2014లోనే. ఆ ఆటలో లేని కారును మనమే తయారుచేసి అందులోకి దింపవచ్చు. దీన్నే మాడింగ్ అంటారు.

కారు రూపం దిద్దడానికి ఓపిక చాలు. బరువు పెట్టడానికి తూకం చాలు. గాలి పెట్టడం దగ్గరే వస్తుంది తంటా అంతా. ఆట నిజంగా గాలి వీచనివ్వదు. అంత లెక్క క్షణక్షణం వేయడం ఇంటి కంప్యూటరు తరం కాదు. అందుకని కారును కొన్ని రెక్కలుగా భావించమంటుంది. అవునండీ, అంబాసిడర్‌కు రెక్కలే! ఒంటికొక రెక్క, ముందుకొకటి, వెనక్కొకటి. ఒక్కొక్క దానికి పొడవెంత, వెడల్పెంత, కారులో ఏ చోట ఉంది, గాలికి ఏ కోణంలో నిలిస్తే ఎంత అడ్డుతుంది, కారును కిందికి నొక్కుతుందా పైకి లేపుతుందా — ఇవన్నీ పట్టిక వేసి ఇవ్వాలి. మిగతాది సూత్రం చూసుకుంటుంది. గాలి సాంద్రతలో సగాన్ని వేగపు వర్గంతో, వైశాల్యంతో, పట్టికలోని గుణకంతో హెచ్చవేయడమే ఆ సూత్రం. వేగం రెట్టింపైతే గాలి ఎదురుతోపు నాలుగు రెట్లవుతుంది. దాన్ని చీల్చుకు పోవడానికి కావలసిన ఇంజను శక్తి ఎనిమిది రెట్లవుతుంది.

మరి అంబాసిడర్‌కు ఆ పట్టిక ఎవరిస్తారు? నాకు దొరకలేదు. ఒక పందెపు కారు పట్టికను ఎత్తి దీనికి తగిలించేశాను. బండి మలుపుల్లో జలగలా పట్టుకుంది. ఆటలో తోడుండే మిత్రులు భేష్ అన్నారు. నేనూ పొంగిపోయి బాపును పిలిచాను.

బాపు 1991లో పాత అంబాసిడర్ కొని, జగిత్యాల అడ్డా మీద టాక్సీ నడిపినవాడు. పెళ్ళివారిని, ధర్మపురి నరసింహస్వామి దర్శనానికి పోయేవారిని మోసి మమ్మల్ని పెంచాడు. మోకాళ్ళు క్లచ్చి తొక్కనివ్వక కొన్నేళ్ళ క్రితం మానేశాడు. బండి వేపచెట్టు కింద తాటిపత్రి కప్పుకుని పడివుంది. ఆటకు పెట్టిన పెడళ్ళు మెత్తన కాబట్టి బాపు కాళ్ళకు ఇబ్బంది లేదు. స్టీరింగు పట్టుకుని రెండు చుట్లు తిరిగాడు. ఆపేశాడు.

"గిది నా బండి గాదు."

"ఎందుకు గాదు బాపూ? రంగు గదే, హారను గదే."

"రంగుదేమున్నదిరా! గిది నేలకు అతుక్కపోతున్నది. నా బండి ఎనభై దాటితె ముంగట తేలికైతది. స్టీరింగు చేతులల్ల ఉన్నదా లేదా అన్నట్టుంటది."

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఎందుకో చెప్పాలి. 2003లో ఒక రాత్రి మా బాపమ్మకు గుండెనొప్పి వచ్చింది. జగిత్యాలలో చూసి కరీంనగర్ తీసుకుపొమ్మన్నారు. వెనక సీటులో అమ్మ ఒళ్ళో బాపమ్మ తల. పక్కన మేనత్త. ముందు సీటులో నేను. నాకప్పుడు పదిహేనేళ్ళు. బాపు 70 దాటనివ్వలేదు. "ఇంకా కొట్టు, ఇంకా కొట్టు" అని ఏడ్చాను. చివరికి "నువ్వు పిరికోనివి" అన్నాను. బాపు నా వంక చూడలేదు. ఆస్పత్రి చేరేసరికి బాపమ్మ లేదు. ఆ మాట నేను వెనక్కు తీసుకోలేదు. బాపూ ఎత్తలేదు. ఇరవై ఏళ్ళు అట్లాగే ఉండిపోయింది.

మర్నాడు తాటిపత్రి తీసి బండికి కొత్త బాటరీ వేయించాను. ఆ తరువాత ఒక తెల్లవారుజామున, గాలి కదలని వేళ, ఊరి బయట తిన్నటి రోడ్డు చూసుకున్నాం. నేను నడిపాను. బాపు పక్కన ఫోను పట్టుకుని లెక్క రాశాడు. 80కి తెచ్చి, గేరు తప్పించి, బండిని దాని మానాన వదిలేయడం. వేగం 80 నుంచి 70కి పడడానికి 8 సెకన్లు పట్టింది. 40 నుంచి 30కి పడడానికి దాదాపు 15. పడింది రెండుచోట్లా పదే! చక్రాల రాపిడి రెండుచోట్లా ఇంచుమించు ఒకటే కాబట్టి, ఆ తేడా అంతా గాలిదే. వాలూ గాలీ మోసం చేయకుండా ఎదురు దిక్కునా అట్లాగే చేశాం. ఎదురుతోపు లెక్క అట్లా తేలింది.

పైకి లేపే లెక్క మాత్రం రోడ్డు మీద దొరికేది కాదు. రోజూ రాత్రి నేను పట్టిక దిద్దడం, బాపు నడిపి "ఇంక జరంత" అనడం. పదకొండో రాత్రి "ఆ, గిట్లనే" అన్నాడు. కాగితం మీద చూస్తే 90 వేగంలో గాలి ముందు చక్రాల మీంచి తీసేసే బరువు 20 కిలోలు! 120కి పోతే 35. వెయ్యి కిలోలు దాటిన బండికి 20 కిలోలొక లెక్కా? నాకు నమ్మకం కుదరలేదు. బాపునే అడిగాను.

"గాలి ఒక్కటే అన్ననా నేను? వెనుక ముగ్గురు కూసుంటె ముంగట లేస్తది. స్టీరింగుల ఆట ఉండె. ఎదురుంగ లారీ అస్తె పక్కకు నూకుతది. అన్ని ఒక్కసారె అస్తయి బిడ్డా."

కాసేపాగి, తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "ఆ రాత్రి తొంభై కొట్టచ్చు. బండి నా చేతులల్ల ఉండకపోతుండె. వెనుక సీట్ల మా అమ్మ ఉన్నదిరా. మీ అమ్మ ఉన్నది. నువ్వున్నవు."

జగిత్యాల నుంచి కరీంనగర్ సుమారు 50 కిలోమీటర్లు. 70 వేగాన 43 నిమిషాలు, 90 వేగాన 33. ఇరవై ఏళ్ళు నేను కడుపులో పెట్టుకున్నది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు బాపమ్మను బతికించేవో లేదో ఏ పట్టికా చెప్పదు. కాని ఆ పది నిమిషాల వెల ఎంతో బాపుకు ఆ రాత్రే తెలుసు. నాకు తెలియడానికి ఇంత గాలి లెక్క కావలసివచ్చింది.

"బాపూ, అప్పుడు నేనన్న మాట..." అని మొదలుపెట్టాను.

"పోనీయిరా, పోరనివి" అన్నాడు. నాకు అదే చాలు.

పోయిన నెల పాత ఇనుము కొనేవాడు వచ్చి బండిని తూకానికి తీసుకుపోయాడు. లారీకి ఎక్కించేటప్పుడు బాపు బయటికి రాలేదు. ఆ సాయంత్రం తనే వచ్చి ఆట పెట్టమన్నాడు. హుస్సేన్‌సాగర్ దారి, 18 మలుపులు. పందెపు కార్లు రివ్వున దాటిపోతున్నాయి. అంబాసిడర్ ఎడమ పక్కన, 70లో, హారను కొట్టుకుంటూ పోతోంది.

ఈసారి నేను తొందరపెట్టలేదు.